చికిత్స అయింది బాబుకి... మరి అమ్మకో?

కేన్సరు వైద్యం పూర్తయిన పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకున్న తల్లిని అందరూ అడిగే మాట ఒక్కటే. "బాబుకి ఎలా ఉందండీ?" దానికి జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంటుంది. రక్తపరీక్ష బాగా వచ్చిందనో, జుట్టు మళ్ళీ మొలుస్తోందనో, రెండు కిలోలు పెరిగాడనో చెబుతుంది. "మరి మీకెలా ఉందండీ?" అని ఎవరైనా అడిగి చూడండి. నోట మాట రాదు. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ అడిగి ఏళ్ళయింది మరి! ఈ వారం మనం మాట్లాడుకోబోయేది ఆ రెండో ప్రశ్న గురించే.

మీది ద్రాక్షారామం అనుకుందాం. బాబుకి ఐదో ఏడు. విడవని జ్వరం, మొహం పాలిపోవడం, కాళ్ళమీద నీలం మచ్చలు. రామచంద్రపురంలో డాక్టరుగారు రక్తపరీక్ష చూసి కాకినాడ పంపించారు. కాకినాడలో చూసి "ఆలస్యం చెయ్యకండమ్మా" అని పెద్దాసుపత్రికి రాసిచ్చారు. ఆ రోజునుంచీ మీ సంసారం ఒక సంచీలోకి వచ్చేసింది. రెండు జతల బట్టలు, ఫ్లాస్కు, ఫైలు, రేషన్‌ కార్డు. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన ఎమ్‌.ఎన్‌.జె. కేన్సరు ఆసుపత్రి అక్కడే. లేదంటే సామర్లకోటలో రైలెక్కి విశాఖపట్నం వెళ్తే అగనంపూడిలో టాటా మెమోరియల్‌ వారి హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి.

పిల్లల్లో వచ్చే కేన్సర్లలో ఎక్కువగా కనిపించేది రక్త కేన్సరు. అందులోనూ డాక్టర్లు ఎ.ఎల్‌.ఎల్‌. అనే రకం. దీనికి వైద్యం రెండు మూడేళ్ళు సాగుతుంది. మొదటి కొన్ని నెలలూ సెలైన్లు, వెన్నులో ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడాలు. ఆ తర్వాత దాన్నే మెయింటెనెన్స్‌ అంటారు, రోజూ ఒక మాత్ర, వారానికోసారి వేరే మాత్ర, ఆసుపత్రికి రాకపోకలు. అలా రెండున్నరేళ్ళు గడిచాక ఒకరోజు డాక్టరుగారు నవ్వుతూ "ఇక మందులు ఆపెయ్యండమ్మా" అంటారు.

ఊళ్ళో పండగే! భీమేశ్వరస్వామికి అభిషేకం చేయించారు. మాణిక్యాంబ అమ్మవారికి చీర పెట్టారు. వీధివీధంతా తాపేశ్వరం కాజాలు పంచారు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక మీరొక్కరూ లేచి కూచుని, బాబు ఊపిరి పీలుస్తున్నాడో లేదోనని చూశారు. మెడకింద చెయ్యిపెట్టి గడ్డలేమైనా తగులుతున్నాయేమోనని తడిమారు. "దేవుడింత మేలు చేస్తే నాకు సంతోషం లేదేమిటి? ఇదేం పాడు బుద్ధి?" అనుకున్నారు కదూ?

పాడు బుద్ధి కాదమ్మా. చాలామంది తల్లులకి జరిగేది ఇదే. తండ్రులకి కూడాను.

భయం ఇప్పుడెందుకు?

వైద్యం జరుగుతున్నన్నాళ్ళూ మీకు భయపడటానికి తీరికేదీ? మందు టైముకి వెయ్యాలి, వాంతి పట్టాలి, పరీక్ష కాగితం కోసం వరసలో నిలబడాలి. ఒళ్ళంతా బిగబట్టుకుని ఉంటుంది. పని అయిపోయి, ఆ బిగువు సడలాక, ఇన్నాళ్ళూ దాచిన ఏడుపంతా ఒక్కసారి పైకొస్తుంది. ఇంకొకటి. రోజూ వేసే ఆ మాత్ర బాబుకి ఎంత కాపలాయో మీ మనసుకీ అంతే కాపలా. అది ఆపేస్తే గుమ్మం తలుపు తీసి పడుకున్నట్టే ఉంటుంది.

ఆసుపత్రిలో మీకు తోడున్నవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. పక్క మంచం శ్రీకాకుళం వాళ్ళది, ఎదురు మంచం నల్గొండ వాళ్ళది. కులం, డబ్బు, భాషలో యాస, ఏదీ అడ్డు రాలేదు. మీరు రక్తం కోసం పరుగెత్తితే వాళ్ళు మీ పిల్లాడికి అన్నం పెట్టారు. "కౌంట్‌ ఎంత?" అనే రెండు ముక్కల్లో మీ గుండెలో ఉన్నదంతా వాళ్ళకి తెలిసిపోయేది. ఇంటికొచ్చాక ఆ భాష తెలిసినవాళ్ళు వీధిలో ఒక్కరూ ఉండరు. పైగా ఆ మంచాల్లో ఒకటి ఖాళీ అయిపోయి ఉంటుంది. మీ ఫోనులో ఆ తల్లి నంబరు ఇంకా ఉంటుంది. చెయ్యడానికి చెయ్యి రాదు, తీసెయ్యడానికీ మనసు రాదు. మీ పిల్లాడు బతికాడన్న సంతోషం పైకి చూపించాలంటే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. ఈ బాధని ఇంట్లో ఎవరితో చెప్పుకుంటారు? "మనవాడు బాగున్నాడు కదా, వాళ్ళ సంగతి మనకెందుకు?" అంటారు మంచి మనసుతోనే. ఆ తల్లికి ఒక్కసారి ఫోను చెయ్యండి. ఏం మాట్లాడాలో తెలియకపోయినా ఫరవాలేదు. ఆ పిల్ల పేరు పలికేవాళ్ళు ఆమెకి ఎంతమంది మిగిలారో ఆలోచించండి.

ఇదంతా మన ఊహ కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మనస్తత్వ నిపుణులు కేన్సరు తగ్గిన 150 మంది పెద్దపిల్లల కుటుంబాలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. యుద్ధం నుంచో, భూకంపం నుంచో బయటపడ్డ వాళ్ళకి ఆ దృశ్యాలు మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకి వచ్చినట్టే, ఆ కుటుంబాల్లో దాదాపు ప్రతి ఇంటిలోనూ కనీసం ఒకరికి జబ్బునాటి రోజులు తిరిగి కళ్ళకు కడుతున్నాయి. జబ్బు బయటపడ్డ నాటినుంచి లెక్కవేస్తే, తల్లుల్లో సుమారు 30 శాతం మందికి అది మానసిక వైద్యుడు పేరుపెట్టగల స్థాయికి చేరింది. అప్పటికి ఆ పిల్లల వైద్యం ముగిసి ఏళ్ళు గడిచాయి! 2015లో పిల్లల కేన్సరు వైద్యానికి తోడుగా ఉండాల్సిన మానసిక సంరక్షణ మీద నిపుణులు కొన్ని ప్రమాణాలు రాసినప్పుడు, తల్లిదండ్రుల మనసు ఎలా ఉందో మొదటినుంచీ కనుక్కుంటూ ఉండాలన్నది కూడా అందులో చేర్చారు. మన ఆసుపత్రుల్లో డాక్టరుగారి ఎదుట అంతమంది ఉంటే అడిగే తీరిక ఎక్కడిది అంటారా? నిజమే. అందుకే అడగకపోయినా చెప్పడం మనం నేర్చుకోవాలి.

మన పెద్దవాళ్ళకి తెలియని కాలం

మన ఇళ్ళల్లో బాలింతకి ఎన్ని మర్యాదలు! వేడినీళ్ళ స్నానం, కాయం ఉండ, చెవుల్లో దూది, పథ్యం కూర. బరువెత్తనివ్వం, చల్లగాలికి తిరగనివ్వం. పుట్టింటివాళ్ళు వచ్చి నెలల తరబడి చూసుకుంటారు. పిల్లను కనడానికి ఒళ్ళు ఎంత నలుగుతుందో పెద్దవాళ్ళకి తెలుసు కాబట్టి ఆ ఆచారాలన్నీ ఏర్పడ్డాయి. మరి చావు నోట్లోంచి పిల్లాణ్ణి లాక్కొచ్చిన తల్లికి ఏ ఆచారం ఉంది? లేదు. ఎందుకంటే మన ముత్తమ్మల కాలంలో ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు. "చికిత్స తర్వాత" అనే రోజులే కొత్తవి. మీ అత్తగారికి ఏం చెప్పాలో తెలియకపోవడానికి కారణం కూడా అదే కానీ ఆవిడకి మీమీద ప్రేమ లేక కాదు.

ఆ రోజులు రావడానికి మన గోదావరి జిల్లాల బిడ్డ ఒకాయన కారణం కావడం చూశారా! ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకున్నారు, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్‌ ఆమ్లాన్నీ, దాని పనికి అడ్డుపడే మందుల్నీ తయారుచేసింది. అందులో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ అనే డాక్టరు రక్త కేన్సరు పిల్లలకి ఇచ్చి, 16 మందిలో 10 మందికి జబ్బు నెమ్మదించిందని 1948లో ప్రకటించారు. అది తాత్కాలికమే, నెలల్లో తిరగబెట్టింది. కానీ అంతకుముందు ఆ మాత్రం కూడా లేదు. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. ఆ మందుకి తోబుట్టువే మెథోట్రెక్సేట్‌. మెయింటెనెన్స్‌లో మీ బాబుకి వారానికోసారి వేసిన మాత్ర ఉందే, అదే! సంపన్న దేశాల్లో ఇవాళ కేన్సరు వచ్చిన పిల్లల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలా పేద దేశాల్లో ముప్ఫై మంది కూడా దక్కడం లేదు. ఆ తేడా తగ్గించి 2030 నాటికి ప్రపంచమంతటా నూటికి కనీసం 60 మందిని కాపాడాలని 2018లో ఆ సంస్థ పని మొదలుపెట్టింది. అంటే మీలాంటి అమ్మలు రాబోయే రోజుల్లో ఇంకా ఎక్కువమంది అవుతారు.

ఒంటిమీద చెయ్యి వెయ్యగానే...

జ్వరం సంగతి వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ తల్లుల ప్రాణం తీసేది అదే.

మందులు ఆపిన వెంటనే ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి పూర్తిగా రాదు. దానికి కొన్ని నెలలు పడుతుంది. అందువల్ల మొదటి ఆరు నెలలూ 100.4 డిగ్రీలు దాటిన జ్వరం వస్తే వైద్యం చేసిన డాక్టరుకి ఫోను చెయ్యండి. ఛాతీలో పోర్టు కానీ, గొట్టం కానీ ఇంకా ఉంటే మాత్రం ఎన్ని నెలలైనా సరే, జ్వరం రాగానే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. జ్వరం మాత్ర వేసి పొద్దున్న చూద్దాం అనుకోకూడదు. ఇంకొక సంగతి. బడిలోనో వీధిలోనో ఎవరికైనా ఆటలమ్మ పోసి, మీ వాడు వాళ్ళతో ఆడుకున్నాడని తెలిస్తే అదే రోజు డాక్టరుకి చెప్పండి. అమ్మవారు పోస్తే మందు వెయ్యకూడదని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు. వేపమండలు పెట్టుకోండి, అమ్మవారికి దణ్ణం పెట్టుకోండి, కాదనను. కానీ ఫోను ముందు చెయ్యండి. ఇలాంటి పిల్లల్లో ఆటలమ్మ ప్రమాదం కాగలదు. ఆపిపోయిన టీకాలు ఎప్పుడు వేయించాలన్నది కూడా ఆ డాక్టరునే అడగాలి. సాధారణంగా ఆరు నెలలు దాటాక చెబుతారు.

ఆ కాలం గడిచాక, పోర్టు కూడా తీసేశాక, జలుబు జలుబే, దగ్గు దగ్గే. బడికెళ్ళే చిన్నపిల్లలకి ఏడాదికి ఆరేడుసార్లు జలుబు చెయ్యడం మామూలు. ఈ మాట తెలిసినా మీ గుండె ఆగదు, నాకు తెలుసు. అందుకని ఒక ఉపాయం. ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలి, వేటికి రెండు రోజులు ఆగొచ్చు అని డాక్టరుగారిచేతే ఒక కాగితంమీద రాయించుకోండి. ఫ్రిజ్జుకి అంటించండి. అర్ధరాత్రి రెండింటికి మనసు చెప్పే మాట వినకండి, ఆ కాగితం చెప్పింది వినండి. మెడ తడమడం, కళ్ళు విప్పి చూడటం రోజుకి పదిసార్లు చేస్తున్నారా? వారానికి ఒకసారి, స్నానం చేయించేటప్పుడు చూడండి చాలు. మీ చెయ్యి తగిలినప్పుడల్లా వాడు మీ మొహం వంక చూస్తాడు. అమ్మ భయపడుతోందంటే తనకేదో అవుతోందనే వాడి లెక్క.

జబ్బు తిరగబెట్టే అవకాశం మందులు ఆపిన మొదటి రెండు మూడేళ్ళలో ఎక్కువ. ఏడాది గడిచేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. అందుకే మొదట్లో తరచుగా పిలిచే డాక్టర్లు తర్వాత తర్వాత దూరందూరంగా రమ్మంటారు. "అయ్యో, మమ్మల్ని వదిలేస్తున్నారు" అనుకోకండి. మంచి సూచన అది. పరీక్షకి వారం ముందునుంచీ మీకు తిండి సహించదు, చీటికీమాటికీ కోపం వస్తుంది. ఆ వారంలో పెళ్ళిళ్ళూ, పేరంటాలూ, ఇల్లు బూజు దులపడాలూ పెట్టుకోకండి. ఆసుపత్రికి ఒక్కరూ వెళ్ళకండి. ఫలితం రాగానే చుట్టాలందరికీ ఫోన్లు చేసే పని తమ్ముడికో మరిదికో అప్పగించండి. ఒకే మాట ఇరవైమందికి ఇరవైసార్లు చెప్పడం ఎంత అలసటో చెప్పినవాళ్ళకే తెలుసు.

"కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావో!"

ఈ మాట ఎవరో ఒకరు అనే ఉంటారు. గ్రహణం నాడు కూర కోశావనీ, బొప్పాయి తిన్నావనీ, ఎవరి ఉసురో తగిలిందనీ. ఎవరూ అనకపోతే మీకు మీరే అనుకునుంటారు. స్పష్టంగా వినండి. పిల్లల కేన్సర్లలో చాలావాటికి కారణమేమిటో ఇప్పటికీ శాస్త్రానికి తెలియదు. పదిమందిలో సుమారు ఒకరికి పుట్టుకతో వచ్చిన జన్యు లోపం ఉండొచ్చు. తల్లి తిన్నదీ, కోసినదీ, నడిచినదీ కారణం కాదు. ఇది అంటువ్యాధీ కాదు. మీ పిల్లాడు తాగిన గ్లాసు వేరే పెట్టక్కర్లేదు. ఎవరైనా అలా పెడితే మొహమాటపడకుండా చెప్పండి.

ఆడపిల్ల అయితే "పెళ్ళెలా అవుతుంది?" అని జబ్బు సంగతి దాచమంటారు. చుట్టాలకి చెప్పాలో వద్దో మీ ఇష్టం. కానీ ఆ పిల్ల దగ్గర దాచకండి. పెద్దయ్యాక ఆమె వైద్యానికి ఆ సంగతి అవసరం. ఎందుకో కింద చెబుతాను.

మొక్కుల గురించి ఒక చిన్నమాట. అన్నవరంలో వ్రతం, కోటిపల్లిలో స్నానం, తిరుపతిలో తలనీలాలు. జుట్టు మొలవగానే తలనీలాలు ఇచ్చెయ్యాలని నాయనమ్మగారు తొందరపడతారు. పాపం, ఆవిడ మొక్కుకున్న రాత్రి ఎలాంటిదో మనకి తెలుసు. కానీ ఆ పిల్లకి జుట్టు ఒకసారి తన ఇష్టం లేకుండా ఊడిపోయింది. బడిలో అందరూ గుండు అని ఏడిపించారు. ఇప్పుడు రెండు పిలకలు వేసుకోవాలని అద్దం ముందు నిలబడుతోంది. ముందు దాన్ని అడగండి. వద్దంటే, పెద్దయ్యాక ఇస్తానని దేవుడికి చెప్పుకోండి. "అత్తయ్యగారూ, స్వామివారికి తొందర లేదండీ, దానికి జడ పడనివ్వండి" అంటే ఏ నాయనమ్మ కాదంటుంది?

నాన్న, అక్క, అప్పు

కోనసీమ నుంచి కువైట్‌, దుబాయ్‌, మస్కట్‌ వెళ్ళినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. కొడుకు జబ్బుకి చేసిన అప్పు తీర్చడానికి అలా వెళ్ళిన తండ్రికి బాబు బాగుపడటం కూడా ఫోనులోనే కనిపిస్తుంది. ఊళ్ళోనే ఉన్న తండ్రైనా మాట్లాడడు. ఆసుపత్రి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. "ఆయనకి పట్టదు" అనుకుంటారు మీరు. ఇందాకటి పరిశీలనలో తల్లులకీ తండ్రులకీ ఆ బాధ ఇంచుమించు సమానంగానే కనిపించింది. మగవాళ్ళు దాన్ని పనిలో దాస్తారు, కొందరు సీసాలో దాస్తారు. "ఏమండీ, ఆ రోజు మీకేమనిపించింది?" అని ఒక్కసారి అడిగి, ఆయన మాట్లాడేదాకా ఊరుకోండి. ఆయన ఒక్కడే బాబుని తీసుకుని పరీక్షకి వెళ్ళి రావడం అలవాటు చెయ్యండి. మందుల పేర్లు, ఫైలు, బస్సు టైములు అన్నీ మీ బుర్రలోనే ఉంటే మీకు జ్వరం వచ్చిన రోజు ఇల్లు ఆగిపోతుంది.

పెద్దపిల్ల సంగతి చాలామంది మరిచిపోతారు. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అమ్మమ్మగారింట్లో ఉండి, ఎవరినీ ఏమీ అడగకుండా బుద్ధిగా చదువుకుంది. ఇప్పుడు ఉన్నట్టుండి ఎదురు మాట్లాడుతోంది, చదవనంటోంది. పొగరని కొట్టకండి. దాని వంతు ఇప్పటికి వచ్చింది. వారంలో ఒక సాయంత్రం దానికొక్కదానికే ఇవ్వండి. తమ్ముడి మాట ఎత్తకుండా.

ఇక డబ్బు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్‌ వైద్యసేవగా పిలుస్తున్న పథకం, వైద్యం ఖర్చు భరించి ఉండొచ్చు. రైలు చార్జీలు, గది అద్దె, పోయిన కూలి, తాకట్టులో ఉన్న గొలుసు మీమీదే పడతాయి. ఎంత అప్పుందో మొగుడూ పెళ్ళాం కూచుని ఒక కాగితంమీద రాసుకోండి. లెక్క తెలియని అప్పుకి నిద్ర పట్టదు. వైద్యం ఇంకా నడుస్తున్న వాళ్ళకి ఒక మాట చేరవెయ్యండి. సెయింట్‌ జూడ్‌ సంస్థ హైదరాబాదులోనూ విశాఖలోనూ పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకి ఉచితంగా బస ఇస్తోంది. ఆసుపత్రిలోని సోషల్‌ వర్కరుని అడగాలి.

మీ కంచంలో ఏముంది?

బాబుకి బలం కావాలని గుడ్డు, పాలు, పండు. పెద్దపిల్లకి బాక్సు. మీకు? వాడు వదిలేసిన పెరుగన్నం, రాత్రి మిగిలిన కూర, పదకొండింటికి మూడో కాఫీ. రెండేళ్ళ ఆసుపత్రి తిండితో మీ రక్తం ఎంతకి దిగిందో ఎవరైనా చూశారా? మీ పేరు మీద కూడా ఒక రక్తపరీక్ష చేయించండి. బి.పి., షుగరు కూడా. పొద్దున్న ఎనిమిదింటికల్లా రెండు పెసరట్లో, ఇడ్లీలో, రాగిజావో తినేసెయ్యండి. వాడికి వండిన గుడ్డులో ఒకటి మీకూ వండండి. మునగాకు పప్పు, తోటకూర వేపుడు, చేప పులుసు, కొనగలిగితే దానిమ్మ. ఇందులో విశేషమేం లేదు, వేడిగా ఉన్నప్పుడు కూచుని తినడమే విశేషం.

పిల్లాడి తిండి విషయంలో ఊరంతా డాక్టర్లే. ఫలానా ఆకు పసరు తాగిస్తే మళ్ళీ రాదంటారు, పంచదార ముట్టుకుంటే తిరగబెడుతుందంటారు. పసర్లూ పొడులూ డాక్టరుని అడక్కుండా పట్టకండి, కాలేయం ఇప్పటికే చాలా మందులు మోసింది. పండక్కి ఒక కాజా, ఒక పూతరేకు తింటే జబ్బు తిరగబెట్టదు. కాచి చల్లార్చిన నీళ్ళు, కడిగిన పండ్లు, తాజాగా వండిన అన్నం. మొదటి నెలల్లో బండిమీది తిళ్ళు వద్దు. అంతకు మించి పథ్యాలు పెట్టి, వాడు నలుగురిలో కూచుని తినే సంతోషం తీసెయ్యకండి.

నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం, ఆసుపత్రి వాసన తగిలితే గుండె దడ, బాబుని క్షణం వదలలేకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం. ఇవి కొన్ని వారాల్లో సర్దుకుంటూ వస్తే సరే. నెలలు గడిచినా తగ్గకపోతే, ఇంటి పనులకి అడ్డం వస్తుంటే, "నేను లేకపోతే బాగుండు" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది జబ్బు, దానికి మందుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే పిచ్చి అనుకుంటారని వెనకాడకండి. వెళ్ళలేకపోతే 14416కి ఫోను చెయ్యండి. టెలి మానస్‌ అని 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సేవ అది. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు.

బీరువాలో ఉండాల్సిన కాగితం

ఇందాక పెద్దయ్యాక అవసరం అన్నాను కదా, ఇదే అది. ఆసుపత్రినుంచి చికిత్స సారాంశం రాయించుకోండి. జబ్బు పేరు, ఇచ్చిన మందుల పేర్లు, ఏ మందు మొత్తం ఎంత మోతాదు ఇచ్చారో, రేడియేషన్‌ ఇస్తే ఎక్కడ, ఎంత, ఏ తేదీనుంచి ఏ తేదీ దాకా. రెండు జిరాక్సులు తీసి ఒకటి పుట్టింట్లో పెట్టండి, ఒకటి ఫోనులో ఫోటో తీసుకోండి. డాక్సోరూబిసిన్‌ వంటి మందులు కొందరికి ఏళ్ళ తర్వాత గుండెమీద ప్రభావం చూపిస్తాయి. అప్పుడప్పుడు ఎకో తీయించాలి. అమ్మాయైతే రేపు కడుపుతో ఉన్నప్పుడు ఆ సంగతి డాక్టరుకి తెలియాలి. స్టెరాయిడ్లవల్ల ఎముకలు దెబ్బతినొచ్చు, తుంటి నొప్పి అంటే బడి ఎగ్గొట్టడానికి వేషం అనుకోకండి. తలకి రేడియేషన్‌ ఇచ్చినవాళ్ళకి చదువులో మందకొడితనం రావచ్చు. మేష్టారితో ముందే చెబితే ముందు బెంచీలో కూచోబెట్టి, పరీక్షకి కాస్త టైమిస్తారు.

వైద్యం అయిపోయిన పిల్లల్ని చూడటానికి ముంబై టాటా మెమోరియల్‌లో ప్రత్యేకంగా ఒక క్లినిక్‌ 1991లోనే పెట్టారు. అక్కడే 2009లో, చిన్నతనంలో కేన్సరు తగ్గి పెద్దవాళ్ళైనవాళ్ళు ఇండియన్‌ కేన్సర్‌ సొసైటీ నీడలో ఉగమ్‌ అనే బృందం కట్టారు. ఉద్యోగాలు చేసుకుంటూ, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని ఎత్తుకుని వచ్చి కొత్త తల్లిదండ్రులకి కనిపిస్తారు. మీరు వెళ్ళే ఆసుపత్రిలో ఇలాంటి పెద్దపిల్లలెవరైనా వస్తుంటారేమో అడగండి. ఇరవైయేళ్ళ క్రితం ఇదే జబ్బు తగ్గినవాడు మీ ఎదురుగా కూచుని టీ తాగుతుంటే, డాక్టరు వంద మాటల్లో చెప్పలేనిది తెలుస్తుంది.

ఇరుగు పొరుగువారికి

ఈ పేజీ చదివేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో ఇలాంటి కష్టం ఉండకపోవచ్చు. కానీ మీ వీధిలో ఉండొచ్చు. ఆవిడకి మీరేం చెయ్యగలరు? ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళకి తిరగబెట్టిందట అనే వార్త మోసుకెళ్ళకండి. "ఎంత సన్నబడిపోయావమ్మా" అని గుమ్మంలోనే నిలబెట్టకండి. మీకేమైనా కావాలా అని అడిగితే ఏమీ వద్దండీ అంటుంది, అది మన ఆడవాళ్ళ అలవాటు. అడక్కుండా ఒక పూట కూర పంపించండి. మీ పిల్లల్ని వాళ్ళింటికి ఆడుకోవడానికి పంపండి, జలుబు ఉన్నవాణ్ణి మాత్రం ఆపుకుని. ఒక ఆదివారం మధ్యాహ్నం "పిన్నిగారూ, పిల్లలిద్దరూ సాయంత్రం దాకా మా ఇంట్లో ఉంటారండీ, జ్వరం చూడటం నాకూ వచ్చు" అని థర్మామీటరూ, ఆ ఫ్రిజ్జు కాగితమూ తీసుకెళ్ళండి. ఆవిడ గుడికి వెళ్తానంటే వెళ్ళనివ్వండి. పడుకుంటానంటే తలుపు దగ్గరగా వేసి రండి.